నల్లరేగడి నేల మీద 12 అడుగుల పూల్: కింద ఇసుక పరిస్తే సరిపోతుందా? (గుంటూరు)

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 5, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, గోరంట్ల వైపు. ఇంటి వెనక 25 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఖాళీ స్థలం ఉంది. పిల్లల సెలవుల కోసం నేల మీద నిలబెట్టుకునే గుండ్రటి పూల్ కొన్నాను. అడ్డం 12 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. చుట్టూ ఇనుప గొట్టాల ఫ్రేము, లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు. దాదాపు 6,500 లీటర్ల నీళ్లు పడతాయి.

నేల నల్లరేగడి. ఈ ఎండలకి వేళ్లు దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. కంటికి సమంగానే కనిపిస్తోంది. మా మేస్త్రి ఒక ట్రక్కు ఇసుక తోలించి పరిస్తే ఒక్క పూటలో అయిపోతుందంటున్నాడు. పూల్‌తో వచ్చిన పుస్తకంలో మాత్రం నేల గట్టిగా, సమంగా ఉండాలని నొక్కి రాశారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట_9 · ఏప్రిల్ 5, రాత్రి 9:41

మేమూ ఇసుకే వేశామండి. మాది 8 అడుగులది, రెండు వేసవులు బాగానే గడిచాయి. మరీ టెన్షన్ పడకండి. కాకపోతే మా స్థలం ఇల్లు కట్టేటప్పుడే గ్రావెల్ (మొరం మట్టి) తోలి ఎత్తు చేసింది. నల్లమట్టి సంగతి నాకు తెలియదు.

లెవెల్‌పైపు · ఏప్రిల్ 6, ఉదయం 6:15

నేను ముప్పై ఏళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పటమటలో ఉంటున్నాను. గోరంట్ల గారూ, ఇసుక తోలించకముందే అడగడం మంచిదైంది.

6,500 లీటర్లంటే ఆరున్నర టన్నులు. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆ బరువు నేలకి ఒక లెక్క కాదు. 70 సెంటీమీటర్ల లోతు నింపినా నీళ్లు చదరపు మీటరుకి 700 కిలోల బరువే వేస్తాయి. మనిషి ఊరికే నిలబడితే పాదాల కింద పడే ఒత్తిడి అంతకంటే ఎక్కువ. కాబట్టి నేల మోస్తుందా అన్నది ప్రశ్న కాదు. అన్ని వైపులా ఒకేలా మోస్తుందా, వాన పడ్డాక కూడా అలాగే ఉంటుందా అన్నదే ప్రశ్న.

నీళ్లు ఎప్పుడూ మట్టంగానే నిలుస్తాయి. నేల ఒక పక్క వాలితే ఆ పక్క లోతు పెరుగుతుంది. గోడ మీద పడే తోపు లోతుతో పాటు పెరగడం కాదు, లోతు వర్గంతో పెరుగుతుంది. 70 సెంటీమీటర్ల లోతులో మీటరు పొడవు గోడ మీద దాదాపు 245 కిలోల తోపు ఉంటే, 75 సెంటీమీటర్ల దగ్గర అది 280 దాటుతుంది. అంటే రెండు అంగుళాల వాలుకే ఏడో వంతు అదనం. అదంతా ఒకే పక్క ఫ్రేము భరించాలి.

ఇక ఇసుక. నల్లమట్టిలో గొయ్యి తీసి ఇసుక నింపడమంటే ఒక తొట్టి కట్టి అందులో ఇసుక పోసినట్టే. కింద రేగడి నీళ్లని ఇంకనివ్వదు. వాన నీళ్లు, పిల్లలు చిమ్మే నీళ్లు ఆ ఇసుకలో నిలుస్తాయి. రేగడి వాటిని తాగి ఉబ్బుతుంది, అదీ ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. గట్టు లేకపోతే అంచుల ఇసుక కొట్టుకుపోతుంది. అరండల్‌పేట వారికి ఇసుక నిలబడిందంటే కింద గ్రావెల్ ఉండబట్టే.

ముందు స్థలాన్ని కొలవండి. కంటిని నమ్మొద్దు. మేస్త్రి దగ్గర లెవెల్ పైపు ఉంటుంది కదా, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, మధ్యలో ఒక మేకు కొట్టి, 7 అడుగుల తాడుతో గుండ్రంగా గీత గీసి, ఆ గీత మీద ఎనిమిది చోట్ల మట్టం చూడండి. పూల్ 12 అడుగులే అయినా కింది నేల పని 14 అడుగుల అడ్డానికి చెయ్యాలి. ఆ లెక్క ఇక్కడ పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 6, సాయంత్రం 6:50

కొలిచాం సార్. నాకే నమ్మకం కలగలేదు. ఇంటి వైపు నుంచి ప్రహరీ వైపుకి 5 అంగుళాల పల్లం ఉంది! అంత వాలు ఇన్నేళ్లూ కంటికి కనిపించలేదు. పల్లం వైపు 5 అంగుళాలు గ్రావెల్ పోసి ఎత్తు చేస్తే సరిపోతుందా?

కానూరు_ఇల్లు · ఏప్రిల్ 6, రాత్రి 8:05

వద్దండీ! మేం చేసిన తప్పు సరిగ్గా అదే.

మాది విజయవాడ పక్కన కానూరు. మూడేళ్ల కిందట 15 అడుగుల పూల్ పెట్టాం. పల్లం వైపు అర అడుగు మట్టి పోయించి, మనుషుల చేత తొక్కించి, పైన ఇసుక పరిపించాం. పని చేసినతను గట్టిపడిందన్నాడు, నమ్మాం. పదకొండో రోజు రాత్రి పోసిన మట్టి దిగింది. ఆ పక్క ఫ్రేము కాళ్లు రెండు లోపలికి కూరుకుపోయి, ఫ్రేము మెలి తిరిగి, షీటు చిరిగి, నీళ్లన్నీ ఒక్కసారిగా పక్కింటి వాళ్ల వరండాలోకి వెళ్లిపోయాయి. అది అర్ధరాత్రి కాబట్టి సరిపోయింది. సాయంత్రం అయిదింటికైతే అందులో నలుగురు పిల్లలు ఉండేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

లెవెల్‌పైపు · ఏప్రిల్ 7, ఉదయం 6:02

కానూరు వారు చెప్పింది అందరూ రెండుసార్లు చదవాలి. మెరకని కొయ్యాలి, పల్లాన్ని పూడ్చి పైకి తేకూడదు. తవ్వని నేల వందల ఏళ్లుగా కుదురుకుని ఉంటుంది. నిన్న పోసిన మట్టి ఎంత తొక్కినా దానికి సాటి రాదు. సగం పూల్ పాత నేల మీద, సగం కొత్త మట్టి మీద కూర్చుంటే, కొత్త సగమే దిగుతుంది.

మీ నేలకి నేనైతే ఇలా చేస్తాను. పల్లం వైపు ఒక అడుగు తవ్వి, అదే మట్టాన్ని మెరక వైపుకి తీసుకెళ్లాలి. అక్కడ 17 అంగుళాలు తవ్వాల్సి వస్తుంది. ఈ గొయ్యి అడుగు మట్టంగా ఉండటం ముఖ్యం. చాలామంది పైభాగం ఒక్కటే మట్టం చూస్తారు. అడుగు వాలుగా ఉంటే గ్రావెల్ ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా పడి, మందంగా ఉన్న వైపు ఎక్కువ దిగుతుంది.

అందులో ఒక అడుగు మందం ఎర్ర గ్రావెల్, పైన 2 అంగుళాలు క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతి పొడి). గ్రావెల్ అరడుగు పొరలుగా వేసి, ఒక్కో పొరకీ విడిగా దిమ్మిస కొట్టాలి. ప్లేట్ కంపాక్టర్ (నేలని అదిమే యంత్రం) అద్దెకి దొరికితే ఇంకా మంచిది. 14 అడుగుల వలయానికి గట్టిపడ్డాక 154 ఘనపుటడుగులు కావాలి. వదులుగా తోలేటప్పుడు పావు వంతు పైన పడుతుంది కాబట్టి 200 దాకా చెప్పుకోండి.

అరండల్‌పేట_9 · ఏప్రిల్ 7, ఉదయం 8:30

లెవెల్‌పైపు గారూ, ఒక సందేహం. గ్రావెల్ బదులు ముప్పావు అంగుళం కంకర వేస్తే నీళ్లు ఇంకిపోతాయి కదా? మా బావగారు అదే వేయమంటున్నారు.

లెవెల్‌పైపు · ఏప్రిల్ 7, ఉదయం 9:10

ఇంకిపోయి ఎక్కడికి వెళ్తాయండీ? కింద రేగడి ఉంది, చుట్టూ రేగడి ఉంది. కంకర మధ్య ఖాళీల్లో నీళ్లు చేరి నిలుస్తాయి. ఇసుకతో వచ్చే చిక్కే, ఇంకొంచెం పెద్దది. ఇసుక నేలలో కంకర బాగుంటుంది. రేగడి మీద మాత్రం కాస్త బంక ఉండి, ఉబ్బని మట్టి కావాలి. రేగడి నేలల్లో కాలువ గట్లకి లైనింగ్ వేసేటప్పుడు కూడా ఇంజనీర్లు కింద అలాంటి మట్టి పొరే వేయిస్తారు. ఎర్ర గ్రావెల్ ఆ పనికి బాగా సరిపోతుంది.

నల్లపాడు_రైతు · ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:25

నేను పూల్ ఎప్పుడూ పెట్టలేదు కానీ ఈ మట్టిలోనే పుట్టి పెరిగాను, అందుకని రెండు మాటలు.

నెర్రెల మీద నేరుగా గ్రావెల్ పోయకండి. నెర్రెలు పైకి వేలెడు కనిపిస్తాయి, లోపలికి నడుం లోతు దిగి ఉంటాయి. గొయ్యి తవ్వాక సాయంత్రం పూట నీళ్లు పెట్టండి. నెర్రెలు మూసుకునేదాకా రెండు మూడు రోజులు తడపండి. తర్వాత నాలుగైదు రోజులు ఆరనివ్వండి. కాలికి అంటుకోకుండా, గునపం పోటుకి గట్టిగా తగిలే పదును వస్తుంది. దుక్కికి చూసుకునే పదును లాంటిదే. అప్పుడు గ్రావెల్ పోయండి. పొడి నేల మీద పోసేస్తే తొలకరికి నేల ఉబ్బి మీ మట్టం పోతుంది.

ఇంకోటి తుంగ. మీ స్థలంలో తుంగ ఉంటే అడుగు లోతు మట్టి తీసి, గడ్డలు ఒక్కటి లేకుండా ఏరించండి. దాని మొలక సూది లాంటిది. మా కల్లంలో పరిచిన మందపాటి ఫ్లెక్సీని పొడుచుకుని పైకి వచ్చింది. మీ పూల్ షీటు దానికి ఎంత!

పందికొక్కుల బొరియలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. ప్రహరీ పక్కన తప్పకుండా ఉంటాయి. పైన మట్టి కప్పితే మళ్లీ తవ్వుతాయి. బొరియని లోపలి దాకా తవ్వి, ఇటుక ముక్కలు, సిమెంటు కలిపి పూడ్చండి.

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 7, రాత్రి 9:30

తుంగ ఉంది. బొరియలూ రెండున్నాయి. అందరికీ చేతులెత్తి నమస్కారం. రేపటి నుంచి తవ్వకం మొదలు.

డాబా_తోట · ఏప్రిల్ 8, ఉదయం 10:15

నాది పక్క ప్రశ్న, క్షమించాలి. మాకు నేల మీద చోటు లేదు. మొగల్రాజపురంలో రెండంతస్తుల ఇల్లు, డాబా మీద ఇలాంటి 12 అడుగుల పూల్ పెడదామని మా వారి ఆలోచన. నేల తవ్వే బాధే ఉండదు కదా, సిమెంటు మట్టంగానే ఉంది కదా అంటున్నారు.

లెవెల్‌పైపు · ఏప్రిల్ 8, ఉదయం 10:40

అమ్మా, దయచేసి పెట్టకండి. మన దేశపు కోడ్, ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారు, ఇంటి గదులకి 200. ఈ పూల్ నీళ్లు 600 పైనే వేస్తాయి. అంటే డాబా లెక్కకి నాలుగింతలు పైనే. ఇంకా మనుషుల బరువు కలపలేదు. నేలకి లెక్క కాని బరువే స్లాబుకి ప్రాణాంతకం అవుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఇంటి డ్రాయింగులు, కడ్డీల వివరాలు చూసి రాసిస్తే తప్ప ముందుకు వెళ్లొద్దు. చిన్న పిల్లలకి మోకాలి లోతు కూడా రాని గాలి తొట్టి వేరే సంగతి. అదీ దూలం దగ్గరగా, గోడ పక్కన పెట్టుకోవడం మేలు.

డాబా_తోట · ఏప్రిల్ 8, ఉదయం 11:05

మా వారికి చూపించాను. ఆలోచన మానుకున్నాం. ధన్యవాదాలండి.

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 10, రాత్రి 8:45

కొత్త చిక్కు వచ్చిపడింది. తవ్వుతుంటే ఈశాన్యం వైపు మూడడుగుల వెడల్పున మట్టి మెత్తగా ఉంది. గునపం చేతి బరువుకే దిగిపోతోంది. ఇల్లు కట్టేటప్పుడు క్యూరింగ్‌కి (సిమెంటు పని తడపడానికి) నీళ్ల కోసం అక్కడ గుంట తీశారట. తర్వాత ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, చెత్త వేసి పూడ్చేశారు. మా అమ్మకి గుర్తొచ్చి చెప్పింది. ఏం చెయ్యాలి?

లెవెల్‌పైపు · ఏప్రిల్ 11, ఉదయం 6:20

అది ఇప్పుడు బయటపడటమే అదృష్టం. గునపం అన్ని చోట్లా ఒకేలా తగిలేదాకా ఆ గుంట మొత్తం తవ్వి తీసేయండి. సంచులు, చెక్కముక్కలు ఒక్కటి కూడా ఉండకూడదు. అవి కుళ్లి కింద ఖాళీ ఏర్పడుతుంది, చెదలు కూడా పడతాయి. తర్వాత గ్రావెల్ అరడుగు పొరలుగా వేస్తూ దిమ్మిసతో కొట్టుకుంటూ గొయ్యి మట్టానికి తీసుకురండి. గుంట చిన్నది కాబట్టి ఒక్కో పొర చేత్తోనే గట్టిగా కొట్టొచ్చు.

గ్రావెల్ తడి ఎలా చూడాలంటే, గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. ముద్దగా నిలబడాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు రాకూడదు. ముద్ద విరిస్తే రెండు ముక్కలవ్వాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లండి, చేతికి బురద అంటితే ఒక పూట ఆరనివ్వండి. కొట్టిన తర్వాత మడమతో బలంగా పొడిస్తే గుర్తు పడకూడదు.

తాడిగడప_అమ్మ · ఏప్రిల్ 11, ఉదయం 9:50

నేల పని గురించే అందరూ రాస్తున్నారు, చోటు గురించి కూడా చెప్పాలనిపించింది. వంటింటి కిటికీలోంచి పూల్ కనిపించేలా పెట్టుకోండి. కొబ్బరి చెట్టు కింద, కరెంటు తీగల కింద పెట్టకండి. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు మీదకి గానీ అంచుకి గానీ రాకూడదు. ఫిల్టర్ మోటారుకి వెళ్లే లైన్‌కి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. తడి చేతులు, కరెంటు ఒక్కచోట ఉంటాయి.

పిల్లలు దిగనప్పుడు నిచ్చెన తీసి ఇంట్లో పెట్టాలి. మెట్టులా ఎక్కడానికి వీలున్న బకెట్లు, కుర్చీలు పూల్ పక్కన ఉంచకూడదు. పెరటి తలుపుకి పిల్లలకి అందని ఎత్తులో గడియ పెట్టించండి. పెద్దవాళ్లు ఒకరు ఫోన్ పక్కన పెట్టి అక్కడే కూర్చోవాలి. ఈ ఒక్క మాట దగ్గర మా ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదు.

సింగ్‌నగర్_వాసి · ఏప్రిల్ 11, మధ్యాహ్నం 3:15

మా విజయవాడ సింగ్‌నగర్‌లో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లు వచ్చినప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ముందు నీటి దారి చూసుకుంటున్నాం. పూల్ అడుగు చుట్టుపక్కల నేల కన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉండాలి. చుట్టూ నేల బయటికి వాలాలి. మెరక వైపు నుంచి వచ్చే వాన నీళ్లకి చిన్న కాలవ తీసి పక్కకి మళ్లించండి. పూల్ ఖాళీ చేసేటప్పుడు 6,500 లీటర్లు ఎటు వదలాలో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి, పునాది పక్కన మాత్రం వద్దు.

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 20, సాయంత్రం 7:30

పది రోజులు కనిపించలేదు, పనిలోనే ఉన్నాను. గుంట నాలుగడుగుల లోతు వెళ్లింది. అది పూడ్చి, మొత్తం తడిపి, ఆరనిచ్చి, నిన్నటికి రెండు పొరల గ్రావెల్ అయిపోయింది. పల్లం వైపు నేలతో సమానంగా వచ్చింది. దాని మీద డస్ట్ వేస్తే ఆ పక్క రెండు అంగుళాలు ఎత్తు వస్తుంది. మెరక వైపు మాత్రం చుట్టూ రెండడుగులు నేలని కోసి బయటికి వాలు పెట్టాం, కాలవ తీశాం.

మూడు ప్రశ్నలు మిగిలాయి. డస్ట్ మట్టం ఎలా లాగాలి? కాళ్ల కింద ఏం పెట్టాలి? డస్ట్‌కీ షీటుకీ మధ్య ఏం పరవాలి? మా మేస్త్రి గోనె సంచులు చాలంటున్నాడు.

లెవెల్‌పైపు · ఏప్రిల్ 20, రాత్రి 8:20

మట్టానికి: మధ్య మేకు తల సరైన ఎత్తులో ఉండేలా కొట్టి, 7 అడుగుల అల్యూమినియం బద్ద ఒక కొస దాని మీద పెట్టి, రెండో కొసకి రసమట్టం (బుడగతో మట్టం చూపే పనిముట్టు) చూసుకుంటూ గడియారం ముల్లులా చుట్టూ తిప్పండి. ఎక్కువైన డస్ట్ పోతుంది, తక్కువైన చోటు కనిపిస్తుంది. తడిపి కొట్టి మళ్లీ తిప్పండి. చివర్లో లెవెల్ పైపుతో ఎనిమిది చోట్లా చూడండి. అర అంగుళం లోపు తేడా ఉంటే మంచి పని. అంగుళం దాటితే మళ్లీ చెయ్యాలి. మేకు పీకడం, ఆ రంధ్రం పూడ్చడం మర్చిపోకండి.

కాళ్లకి: అడుగు చదరం నాపరాళ్లు. అవి డస్ట్ మీద కాదు, డస్ట్‌లోకి దిగి దాని మట్టానికే ఉండాలి. పైకి తేలితే రాతి అంచు షీటుని కోస్తుంది. అంచులు ఒకసారి అరగదీయించండి.

గోనె సంచులు వద్దు. తడికి కుళ్లిపోతాయి, చెదలు పడతాయి. డస్ట్‌లో పదునైన పలుకులు ఉంటాయి కాబట్టి పైన జల్లెడ పట్టిన డస్ట్ పలచగా చల్లి, రోడ్ల కింద పరిచే జియో క్లాత్ వేయండి. దొరక్కపోతే శుభ్రమైన పాత కార్పెట్, మడతలు లేకుండా. దాని మీద పూల్‌తో వచ్చిన కింది షీటు.

నల్లపాడు_రైతు · ఏప్రిల్ 20, రాత్రి 9:00

అంచు చుట్టూ ఒక వరస ఇటుక సగం భూమిలోకి దిగేలా సిమెంటుతో కట్టించండి. డస్ట్ జారకుండా ఉంటుంది, పందికొక్కులూ తేలిగ్గా దూరవు.

గోరంట్ల_నాన్న · ఏప్రిల్ 25, రాత్రి 10:10

ఇవాళ నీళ్లు పెట్టాం. ముందు మూడంగుళాలే నింపి ఆపాను. నీళ్లే మట్టం చూపిస్తాయి కదా అని స్కేలుతో అంచు పొడవునా లోతు కొలిచాం. పాత గుంట ఉన్న ఈశాన్యం వైపు ముప్పావు అంగుళం ఎక్కువ వచ్చింది. అరకి పైన, ఒకటికి లోపల. ఇంట్లో అందరూ పర్లేదన్నారు, పిల్లలు అప్పటికే బట్టలు మార్చుకుని నిలబడ్డారు. నాకు కానూరు వారి మాట గుర్తొచ్చింది. నీళ్లు తోడించి, షీటు మడిచి, ఆ మూల గ్రావెల్ మళ్లీ కొట్టించి, మిగతా వైపు డస్ట్ పలచగా గీకించాను. సాయంత్రానికి తేడా పావు అంగుళం. అప్పుడు షీటు ముడతలు కాళ్లతో బయటికి నెట్టి, రాత్రి తొమ్మిదికి పూర్తిగా నింపాం. పిల్లలు రేపు పొద్దున దిగుతారు.

కానూరు_ఇల్లు · ఏప్రిల్ 25, రాత్రి 10:25

ఖాళీ చేసి మళ్లీ చేశారు చూడండి, అది చదివి నాకు చాలా సంతోషమేసింది. మేమూ ఈసారి ఇలాగే మొదటి నుంచి చేసుకుంటాం.

గోరంట్ల_నాన్న · జూన్ 24, సాయంత్రం 6:05

రెండు పెద్ద వానలు పడ్డాయి. లోతు తేడా పావు నుంచి అర అంగుళం లోపే ఉంది, కాళ్లు కదల్లేదు. బడులు తెరిచారు కాబట్టి పూల్ విప్పేస్తున్నాం. వానాకాలమంతా ఈ అడుగుని ఎలా కాపాడుకోవాలి? టార్పాలిన్ కప్పాలా, వదిలేయాలా?

లెవెల్‌పైపు · జూన్ 24, రాత్రి 8:00

కప్పండి. టార్పాలిన్ అంచులు ఇటుకల బయటికి ఒక అడుగు దాకా రావాలి, మధ్యలో కాస్త ఎత్తుగా ఉండేలా కింద ఏదైనా పెడితే నీళ్లు నిలవవు. ఎంత కప్పినా పక్క నుంచి తడి చేరుతుంది కాబట్టి రేగడి కొంచెం కదలక మానదు. వచ్చే మార్చిలో నీళ్లు పెట్టేముందు ఎనిమిది చోట్లా మళ్లీ పైపు పెట్టి చూడండి. పైన డస్ట్ సరిచేసుకుంటే చాలు, గ్రావెల్ జోలికి వెళ్లాల్సిన పని ఉండదు.